ఉప్పంటని రెక్కలు

పైడమ్మ, వయసు పదకొండు రోజులు. దేన్నయినా ముందరి కాళ్ళతో నాలుగుసార్లు తట్టి రుచి చూస్తే తప్ప నమ్మదు.

సీతాకోకచిలుకలకి కాళ్ళలోనే రుచి ఉంటుంది. అందులోనూ పైడమ్మది మామూలు జాతి కాదు, పక్షిరెక్కల జాతి. ఆడది రెక్కలు చాపితే మనిషి రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. రంగు మాత్రం గోధుమ, కింది రెక్కల అంచున కాస్త పసుపు. ఎండుటాకుల్లో కూర్చుంటే ఎండుటాకే. మగవాడు ఆమెకంటే చిన్నవాడు, కానీ ఒళ్ళంతా పచ్చా బంగారమూ. అందుకని ఆ దీవికి ఎవరొచ్చినా మగవాణ్ణి చూసి మురిసిపోయి, ఆడదాన్ని చూడకుండానే వెళ్ళిపోతారు.

ఆ దీవి పేరు చుక్కదీవి. దానికి ఎదురుగా, ఎప్పుడు చూసినా మంచులో సగం మునిగి, పొగదీవి. రెంటికీ మధ్య ఒక పూట ఎగిరేంత సముద్రం. "మన జాతి చుక్కదీవిది. ఇంకెక్కడా లేదు, ఉండదు," అని మగవాళ్ళు రోజూ పొద్దున్నే కొమ్మల మీద ఎండ కాచుకుంటూ చెప్పుకునేవారు. వాళ్ళ పెద్ద పచ్చదొర.

పచ్చదొర పైడమ్మకి మొగుడు. ఎలా అయ్యాడంటే, ఆమె గూడు చీల్చుకుని బయటికి రాకముందే మూడు రోజులు ఆ గూటి చుట్టూ తిరిగాడు. ఆ జాతిలో మగవాళ్ళ పద్ధతే అది. లోపలున్నది ఇంకా కళ్ళు తెరవదు, బయట ముగ్గురు కాపలా. రెక్కల తడి ఆరకముందే పెళ్ళయిపోతుంది. పైడమ్మ ఈ లోకంలో మొట్టమొదట విన్న మాట, "ఇది నాది."

రెండో మాట, మూడో మాట నియమాలు. ఆడది సముద్రం దాటకూడదు. ఆడది గుడ్డు పెట్టిన చోటికి మళ్ళీ వెళ్ళి చూడకూడదు, చూస్తే బిడ్డకి కీడు. ఈ రెండూ మగవాళ్ళకి చెప్పినవాడు తలూపుల మామ. అతనొక తొండ. వాగు గట్టు మీద రాయెక్కి కూర్చుని, ఎవరేం చెప్పినా తల పైకీ కిందికీ ఊపుతూ ఉంటాడు. ఎవరూ ఏమీ చెప్పకపోయినా ఊపుతూనే ఉంటాడు. తమ మాటకి అంతగా తల ఊపేవాడు దొరికితే ఏ మగవాడికైనా అతను జ్ఞానిలాగే కనిపిస్తాడు.

ఆ జాతి పిల్లలు ఈశ్వరి తీగ ఆకు తప్ప ఇంకేదీ తినవు. మనుషులు కొండవాలు చదును చేసి గెస్ట్‌హౌస్ కట్టిన దగ్గర్నుంచీ, కలుపు అనుకుని ఆ తీగల్ని పీకి తగలబెడుతూ వచ్చారు; చివరి తీగలు పైడమ్మ గూట్లో ఉండగా పోయాయి. గెస్ట్‌హౌస్ కంచెకి అందం కోసం వేరే తీగ పాకించారు. అది గోడ దూకి వాగు పల్లంలోకి దిగింది. పువ్వు బాతు మెడలాగా వంగి, చివర ఊదారంగు మచ్చల నోరు తెరుచుకుని ఉంటుంది. ఈశ్వరి తీగకి దగ్గర చుట్టమే. కాళ్ళతో తడితే అచ్చం అదే రుచి.

మూడో రోజున పైడమ్మ ఆ ఆకుని నాలుగుసార్లు తట్టింది. కాళ్ళు సరేనన్నాయి. ఆకు అడుగున ఏడు గుడ్లు పెట్టి వచ్చేసింది.

పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం తిరిగి వెళ్ళింది. వెళ్ళకూడదని చెప్పినవాళ్ళు ఎందుకు వెళ్ళకూడదో చెప్పలేదు. రుచి చూడనిదే నమ్మని పైడమ్మకి అది చాలదు.

వాగు పల్లంలో గాలి లేదు. మచ్చల నోళ్ళన్నీ ఒకేవైపు తిరిగి ఉన్నాయి. పిల్లలున్న తీగ దగ్గర ఒక చప్పుడు ఉండాలి. వందల చిన్న నోళ్ళు ఆకు నమిలే చప్పుడు, సన్నటి తుంపర పడుతున్నట్టు. అది లేదు. పైడమ్మ ఒక ఆకు మీద వాలింది. ఆకు అంచున ఒకే ఒక్క కాటు, ఆవగింజంత. పక్క ఆకు చూసింది. ఒక్క కాటు. ఆ పైది, ఒక్క కాటు. పల్లం ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఆకులన్నీ పచ్చగా, నిండుగా ఉన్నాయి. ఒక్కో నోరు ఒక్కసారే కొరికింది. రెండోసారి కొరికిన గుర్తు ఎక్కడా లేదు.

తన ఆకు వెతుక్కుంది. ఏడు గుడ్డు పెంకులు. ఏడు కాట్లు. అంతే.

కింద నేల మీద ఎర్రచీమల బారు సాగుతోంది. బారుకి పెద్ద ఎర్రక్క. ఆమె నోట నల్లటి దారప్పోగులాంటిది ఒకటి వేలాడుతోంది.

"ఆగు," అంది పైడమ్మ. "అది నా బిడ్డ."

"నిన్నటిదాకా," అంది ఎర్రక్క, దాన్ని దించకుండానే. "ఇవాళ మా ఇంట్లో కూర. ఏమీ అనుకోకు."

"నువ్వు చంపావా?"

"మాకెందుకంత శ్రమ? ఒక్క కాటు కొరుకుతాయి, ఆకు మీదే బిగుసుకుపోతాయి. తర్వాతే మేం వస్తాం. మొదట్లో మాకూ భయమేసింది, అడక్కుండా ఇంత తిండి ఎవరు పెడుతున్నారా అని."

"ఎంతమంది తల్లులు పెట్టారు ఇక్కడ?"

"అందరూ. వెనక్కొచ్చి చూసింది నువ్వొక్కదానివే."

పైడమ్మ చీమల బారు పొడుగునా చూసింది. తర్వాత, "మీకు హాయిగానే ఉన్నట్టుంది," అంది.

"హాయా?" ఎర్రక్క ఆగింది. "వందమందిమి బయల్దేరితే అరవైమందిమి ఇల్లు చేరతాం. బారు మలుపు తిరిగే చోట, రాయి మీద చూడు."

రాయి మీద తలూపుల మామ కూర్చుని ఉన్నాడు. బారు తన ముందు నుంచి పోతుంటే నాలుక ఒకసారి బయటికి వస్తుంది, ఒక చీమ తగ్గుతుంది. తల ఊపుతాడు. మళ్ళీ నాలుక. ఈ మధ్య బాగా లావెక్కాడు.

"ఏం తల్లీ, వెనక్కొచ్చావు?" అన్నాడు పైడమ్మని చూసి. "నియమం మర్చిపోయావా?"

"మర్చిపోలేదు మామా. ఎందుకు పెట్టావో చూద్దామని వచ్చాను."

"చూశావుగా." తల ఊపాడు.

"ఇది నీకు ముందే తెలుసు."

"తెలియకేం. కానీ నేను ఒక్క బిడ్డనీ ముట్టుకోలేదు, ఎవర్నైనా అడుగు. నేను చీమల్ని తింటాను. చీమలు చచ్చినవాటిని తింటాయి. చచ్చినవి ఆకు తిన్నాయి. ఆకు మీద పెట్టింది నువ్వు. ఇందులో నేనెక్కడున్నాను?"

"రాయి మీద," అంది పైడమ్మ.

అతను దానికీ తల ఊపాడు.

"పొగదీవిలో ఈశ్వరి తీగ ఉందా?"

"లేదు. ఉన్నా నీకెందుకు? వెళ్ళినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. రేపు పొద్దున ఒడ్డుకి రా, వాళ్ళేమయ్యారో చూపిస్తాను."

సాయంత్రం పైడమ్మ పచ్చదొర దగ్గరికి వెళ్ళింది. అతను ఎండలో ఒక రెక్క పైకెత్తి దాని మెరుపు చూసుకుంటున్నాడు.

"వాగు పల్లంలో పిల్లలు చచ్చిపోతున్నారు."

"ఎవరి పిల్లలు?"

"నీవే."

"నావా? ఎలా ఉంటాయవి?"

"ఆ ఆకు ఒక్కసారి వచ్చి చూడు."

"నేనెందుకు చూస్తాను? గుడ్లు నీ పని. అయినా నువ్వు వెనక్కెళ్ళావా? అందుకే చచ్చాయి." రెండో రెక్క ఎత్తాడు. "ఇలా తిరిగే ఆడది ఉన్న ఇంటికి ఇంతే. ఇంకాసేపట్లో ఒకతె గూట్లోంచి రాబోతోంది, నాకు పనుంది, వెళ్ళు."

మర్నాడు పొద్దున తొండ పిలిపిస్తే దీవిలోని ఆడవాళ్ళు పదహారుమందీ ఒడ్డున చేరారు. ఇసుకలో పదకొండు రెక్కలు వరసగా పడి ఉన్నాయి. కొన్ని చిరిగిపోయాయి, కొన్నిటికి పొడి రాలిపోయి అద్దంలా లోపలి నరాలు కనిపిస్తున్నాయి. గాలి వచ్చినప్పుడల్లా పదకొండూ ఒక్కసారే కొద్దిగా లేచి మళ్ళీ పడుతున్నాయి, ఎగరడం గుర్తు చేసుకుంటున్నట్టు.

"నీళ్ళు దాటబోయినవాళ్ళు," అన్నాడు తలూపుల మామ. "సముద్రం తెచ్చి పడేసింది. మీ పెద్దమ్మలు, పిన్నమ్మలు. చూడండి, ముట్టుకోకండి."

ఆడవాళ్ళు దూరంగా ముడుచుకున్నారు. పైడమ్మ మాత్రం వెళ్ళి ఒక రెక్క మీద వాలి నాలుగుసార్లు తట్టింది.

ఉప్పు లేదు.

ఇంకో రెక్క తట్టింది. కుళ్ళిన ఆకుల రుచి, వాగు మట్టి రుచి, దానిపైన తొండ ఉమ్మి. సముద్రం ఎక్కడా లేదు. వయసైపోయి అడవిలో పడిపోయినవాళ్ళ రెక్కలవి. ఏరుకొచ్చి పెట్టాడు.

ఆమె నోరు విప్పలేదు. పైన కొమ్మ మీద పచ్చదొర, అతని పక్కన మగవాళ్ళు. నా కాళ్ళు ఇలా అన్నాయి అంటే, నీ కాళ్ళ మాట ఎవరిక్కావాలి అంటారు. ఆడవాళ్ళు తలలు వంచుకుని వెళ్ళిపోయాక తొండ ఆమె దగ్గరికి జరిగాడు.

"వెళ్ళాలనుకుంటున్నావు కదూ?"

"అనుకుంటున్నాను మామా."

"వెళ్ళు తల్లీ. నేనెవర్ని ఆపడానికి? కానీ కడుపులో అంత బరువుతో నీళ్ళ మీద ఎంత దూరం పోతావు? ముందు దించుకో. పల్లంలో తీగ ఉండనే ఉంది. తేలిగ్గా ఎగరొచ్చు."

ఆ మాటలో భయపెట్టేది ఏమిటంటే, అది మంచి సలహాలాగే ఉంది. పైడమ్మ కడుపులో ఇంకా నలభై రెండు గుడ్లున్నాయి. ఆమెకి ఈ లోకంలో ఉన్నదల్లా అవే. వాటి బరువు ప్రతి ఎగురులోనూ తెలుస్తూనే ఉంది.

"నిజమే," అంది. "నేను చెబితే మిగతావాళ్ళూ దించుకుంటారు. కానీ ఆ తీగ మీద పెట్టం మామా, దాని మొహం చూడలేం. అదిగో, ఆ బండ మీద దించేసి అటునుంచే పోతాం."

ఒడ్డుకి కొంచెం దూరంలో సముద్రంలో ఒక నల్లబండ ఉంది. మధ్యాహ్నం నీళ్ళు వెనక్కి తీసినప్పుడు దానికీ ఒడ్డుకీ మధ్య ఇసుక దారి ఒకటి తేలుతుంది.

"అక్కడ ఆకు లేదే. పిల్లలు బతకవుగా."

"ఎలాగూ చచ్చేవే కదా."

తొండ ఆలోచించాడు. పదహారుమంది గుడ్లు, బోసి బండ మీద. చీమల పుట్ట పుట్టంతా ఆ సన్నటి ఇసుక దారిన రావాలి. దాక్కోవడానికి ఒక్క ఆకు ఉండదు. మూడుసార్లు తల ఊపాడు.

పైడమ్మ తిన్నగా ఎర్రక్క దగ్గరికి వెళ్ళింది.

"నల్లబండ వెనక ఒక చచ్చిన చేప ఇరుక్కుని ఉంది. మీ పుట్ట వారం రోజులు తింటుంది."

"మళ్ళీ నీళ్ళొస్తాయి," అంది ఎర్రక్క.

"వచ్చే ముందు మీ కాళ్ళకి తెలుస్తుందిగా, ఇసుక కింద తడి ఊరడం."

"మాకు తెలుస్తుంది. అతనికి?"

"అతను తల ఊపుతుంటాడు. కాళ్ళవైపు చూసుకోడు."

ఎర్రక్క మీసాలు తుడుచుకుంది. "బిడ్డల్ని తిన్నదాన్ని నమ్ముతున్నావే."

"నువ్వు అబద్ధం చెప్పలేదు. ప్రస్తుతానికి అది చాలు."

"పూటకి నలభైమంది," అంది ఎర్రక్క. "నా వెనక నడిచేవాళ్ళు, పక్కన నడిచేవాళ్ళు. సరే, రేపే."

మర్నాడు నీళ్ళు తీసేసరికి చీమల బారు ఇసుక దారి మీద ఎర్రదారంలా సాగింది. దాని వెనకే తలూపుల మామ, తీరిగ్గా, పెళ్ళి భోజనానికి పోయే పెద్దమనిషిలా. బండెక్కి నడినెత్తిన కూర్చున్నాడు. నాలుక ఆడటం మొదలైంది.

పైడమ్మ పదిహేనుమందినీ వెంటబెట్టుకొచ్చింది. "ఏమీ అడక్కండి," అని ముందే చెప్పింది. "బండ మీద వాలండి, గుడ్డు పెడుతున్నట్టు కడుపు వంచండి, పెట్టకండి. కాళ్ళతో నాలుగుసార్లు తట్టండి. ఆ రుచి మర్చిపోకండి."

వాళ్ళు వాలారు. ఒక్కొక్కతె కాళ్ళు ముడుచుకుంది, ఘాటుకి.

"ఏమిటిది?" అంది వాళ్ళలో పెద్దది, నెల రోజుల ముసలామె.

"సముద్రం. ఇప్పుడు ఒడ్డుకి రండి."

ఒడ్డున ఆ పదకొండు రెక్కలూ అలాగే ఉన్నాయి. "తట్టండి," అంది పైడమ్మ.

ఎవరూ కదల్లేదు. చివరికి ముసలామె వాలింది. నాలుగుసార్లు తట్టింది. ఇంకో నాలుగుసార్లు తట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా, "ఇవి నీళ్ళు చూడనే లేదు," అంది.

ఒకరి తర్వాత ఒకరు పదిహేనుమందీ తట్టారు. ఆ ఒడ్డున అప్పుడు వినిపించింది కాళ్ళ చప్పుడొక్కటే.

"పల్లంలో ఏముందో ఇప్పుడు చెబుతాను," అంది పైడమ్మ. చెప్పింది. ఆకుకో కాటు. ఆ మాట దగ్గర ముసలామె ఇసుకలో కూర్చుండిపోయింది. ఆమె పెట్టాల్సినవన్నీ అక్కడే పెట్టేసింది.

ఈలోగా బండ దగ్గర చీమల బారు వెనక్కి తిరిగింది. చేప ముక్కలు మోసుకుంటూ గబగబా ఇసుక దాటింది. చివరి చీమ ఒడ్డెక్కేసరికి దారి మధ్యలో నీళ్ళు మెరిశాయి. కాసేపటికి దారి లేదు.

తలూపుల మామ అప్పటికి కాళ్ళవైపు చూసుకున్నాడు.

"తల్లీ," అని పిలిచాడు బండ మీద నుంచి. "గుడ్లేవీ?"

పైడమ్మ ఎగిరి వెళ్ళి అతనికి అందనంత ఎత్తులో ఆగింది. "వెనక్కి తిరిగి చూడకూడదుగా మామా."

"నీళ్ళొస్తున్నాయి. నాకు ఈత రాదు."

"నేను ఒక్క చుక్క కూడా ముట్టుకోలేదు. నీళ్ళు సముద్రానివి. చీమలు చేప కోసం వచ్చాయి. చీమల కోసం వచ్చింది నువ్వు. ఇందులో నేనెక్కడున్నాను?"

తొండ తల ఊపాడు. ఊపకుండా ఉండటం అతనికి చేతకాదు.

"నీళ్ళు మళ్ళీ తీస్తాయి," అన్నాడు.

"తీస్తాయి. అప్పుడు ఇసుక దారి చివర ఎర్రక్క పుట్టంతా కూర్చుని ఉంటుంది. ఆకలితో కాదులే, పాత పరిచయం కొద్దీ."

ఒడ్డున పచ్చదొర ఆడవాళ్ళకి అడ్డంగా ఎగురుతున్నాడు. "ఎక్కడికి?"

"పొగదీవికి."

"మన జాతి చుక్కదీవిది."

"అయితే నువ్వు ఉంచుకో," అంది పైడమ్మ.

నేల మీద నుంచి గాలి లేచింది. పదిహేనుమంది ఆ గాలెక్కారు. ముసలామె ఒడ్డునే ఉండిపోయింది. తనకి మోసుకుపోవడానికి ఏమీ లేదంది. సగం దూరం పోయాక ఇద్దరు భయపడి వెనక్కి తిరిగారు. మంచు మొదలయ్యే చోట ఒకతె నీళ్ళలో పడింది. ఆమె రెక్కలకి మాత్రం ఉప్పు అంటి ఉంటుంది.

మంచులో ఏమీ కనిపించలేదు. ముందు చప్పుడు వినిపించింది. తుంపర పడుతున్నట్టు సన్నగా, ఆగకుండా. రెక్కలు మాత్రం తడవడం లేదు. పైడమ్మ ఆ చప్పుడు పట్టుకుని వెళ్ళి ఒక ఆకు మీద వాలింది. నాలుగుసార్లు తట్టింది. తన కాళ్ళని కూడా నమ్మలేదు. ఆకు అంచు చూసింది. కాట్లు ఒకటి కాదు, సగం ఆకు లేదు. మిగతా సగాన్ని నల్లటి ముళ్ళ గొంగళిపురుగొకటి ఆమెని పట్టించుకోకుండా తింటోంది.

పక్క కొమ్మ మీద ఒక ఆడది ఎండుటాకులా కూర్చుని ఉంది. "చుక్కదీవి నుంచా?" అంది.

"నువ్వూ అక్కడిదానివేనా? మీరెవరూ తిరిగి రాలేదే?"

"ఎందుకు రావాలి?" అంది ఆమె.

ఆ తర్వాత చుక్కదీవిలో మగవాళ్ళు కొన్ని వారాలు బతికారు. ఖాళీ గూళ్ళ చుట్టూ తిరిగేవారు. పగిలి, ఎండి, లోపల ఎవరూ లేని గూళ్ళు. ఒక్కో దాని చుట్టూ ముగ్గురు చొప్పున, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, "ఇది నాది" అనుకుంటూ. తర్వాత వాళ్ళూ లేరు.

మరుసటేడు ఏ దీవిలో ఏ సీతాకోక ఉందో రాసుకునే ఒకావిడ పుస్తకం పట్టుకుని వచ్చింది. చుక్కదీవి దగ్గర "లేదు" అని రాసింది. పొగదీవి దగ్గర "ఉంది" అని రాసింది. కారణం రాసే చోట ఏమీ రాయలేదు. పడవలో పోతూ నల్లబండ మీద ఒక తొండ తల ఊపుతుండటం చూసి, దగ్గరికి పోనివ్వమంది. దగ్గరికి పోతే అది ఎప్పుడో ఎండిపోయి ఉంది. గాలికి తల ఊగుతోంది.

ఒక జాతి ఏ దీవిదో చెప్పేది కొమ్మ మీద కూర్చున్న మగవాడు కాదు, గుడ్డు మోసే ఆడదాని కాళ్ళు.

పైడమ్మ ఇంకో పంతొమ్మిది రోజులు బతికింది. నలభై రెండు గుడ్లూ పెట్టింది, ప్రతిదాని దగ్గరికీ వెనక్కి వెళ్ళి చూసింది.